నది దాకా వచ్చిన బిల్లు

కొలంబోలో విమానం దిగి సామాన్ల బెల్టు దగ్గర నిలబడ్డామో లేదో, మా ఫోన్లన్నీ ఒకదాని వెంట ఒకటి టింగుటింగుమన్నాయి. వేరే దేశానికి స్వాగతం, ప్యాక్ వేసుకోకుండా డేటా వాడితే చార్జీలు పడతాయి అని మెసేజ్. కొత్తగూడెంలో ఒకే రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసే ఆడవాళ్లం, ఏళ్ల తరబడి అనుకుని అనుకుని చివరికి బయల్దేరిన టూరు అది. మెసేజ్ చదవగానే అందరూ నిప్పు తొక్కినట్టు ఉలిక్కిపడి డేటా ఆఫ్ చేసుకున్నారు. నేను మాత్రం ఆ ఫోన్ చేత్తో పట్టుకుని, అంతమంది మధ్య, ఆపుకోలేక ఏడ్చాను. పక్కనున్న ఆమె నా బ్యాగు పోయిందనుకుని ఎయిర్‌పోర్టు వాళ్లతో జగడానికి దిగింది.

బ్యాగు రానే వచ్చింది. పోయింది మా పెద్దమ్మ. కిందటి వానాకాలంలో పోతే, అప్పుడు రావలసినంత ఏడుపు రాలేదు. ఆ మెసేజ్ కోసం ఆగినట్టుంది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. పినపాక దాటి, తారురోడ్డు అయిపోయి, అడవి మొదలయ్యేచోట వాళ్ల ఊరు. వాళ్లకు పిల్లల్లేరు. నా వేసవి సెలవులన్నీ అక్కడే గడిచాయి కాబట్టి నన్నే తమ బిడ్డ అనుకున్నారు. నేనూ కాదనలేదు.

ఆమె ఫోన్ మాట్లాడే తీరు ఒకసారి చూసినవాళ్లు మరిచిపోరు. ఫోన్ మోగితే లేచి నిలబడేది. కొత్తగూడెంలో మా ఇంట్లో, వైఫై పెట్టె పక్కనే కూర్చుని ఉన్నా సరే, లేచి, కొంగు నడుముకు దోపి, గడప దాటి, ఫోన్‌ను తలపైకెత్తి ఒకసారి గాలికి చూపించి, ఆ తర్వాతే చెవి దగ్గర పెట్టుకునేది. కూర్చునే మాట్లాడొచ్చు పెద్దమ్మా అంటే, "నేను కూసుంటె మాట గూడ కూసుంటది బిడ్డా" అనేది.

ఆ అలవాటు వాళ్ల ఊరు నేర్పింది. అక్కడ సిగ్నల్ దిగేది ఒక్కటే చోట, చర్చి వెనక ఇప్పచెట్టు కింద. ఊళ్లోవాళ్లు ఫోన్లను బియ్యం సంచిలో వేసి ఆ చెట్టు కొమ్మకు తగిలించేవాళ్లు. మోగితే దగ్గరున్నవాళ్లు ఎత్తి, ఎవరి మనుషులో కేకేసి పిలవాలి. దానికొక కట్టుబాటు కూడా ఉండేది. కలిసిన కాల్‌ను తమంత తాముగా కట్ చేయకూడదు. మళ్లీ ఎప్పుడు కలుస్తుందో ఎవరికీ తెలియదు. హాస్టల్లో చదివే పిల్ల తల్లికి ఫోన్ చేస్తే, తల్లి, మేనత్త, పక్కింటి ముసలమ్మ, ఆఖరికి ఆ దారిన కట్టెలకు పోయేవాళ్లు కూడా తలా నాలుగు ముక్కలు మాట్లాడేవాళ్లు. ఎవరైనా మధ్యలో కట్ చేస్తే, వడ్డిస్తుండగా విస్తరి ముందునుంచి లేచిపోయిన మనిషిని చూసినట్టు చూసేవాళ్లు.

ఇంకొక సంగతి. అవతలి గొంతు వినబడకుండా పోయినా పెద్దమ్మ ఆపేది కాదు. చెప్పదలుచుకున్నదంతా ఆఖరుదాకా చెప్పి, "ఉంట మరి" అని కూడా అని, అప్పుడు ఫోన్ సంచిలో వేసేది. నేను నవ్వేదాన్ని.

"ఎవరికి చెప్తున్నవ్ పెద్దమ్మా, చెట్టుకా?"

"మనకు వినబడకపోయినా వాళ్లకు వినబడ్తుండొచ్చు బిడ్డా. మనం చెప్పుడు ఆపొద్దు."

దీనికి ఆమె దగ్గర రుజువు కూడా ఉంది. పక్కింటామె మిర్చి ఏరడానికి ఏన్కూరు వైపు పోయినప్పుడు, నీ ఆవు ఈనిందని చెప్పడానికి పెద్దమ్మ ఫోన్ చేసింది. అటునుంచి చప్పుడు లేదు. అయినా ఆవు, దూడ, దూడ నుదుట తెల్లమచ్చ, అన్నీ చెప్పింది. పని అయిపోయి ఇంటికొచ్చిన పక్కింటామె వాకిట్లోకి రాకముందే, "మచ్చ దూడ పాలు మంచిగ తాగుతుందా?" అని అడిగిందట. ఆ రోజు నుంచి ఇక ఆమెను ఎవరూ మార్చలేకపోయారు.

వీడియో కాల్ వచ్చాక ఇంకో ముచ్చట. ఫోన్ ఎట్లా పట్టుకున్నా ఆమె బొటనవేలు కెమెరాకు అడ్డం వచ్చేది. సగం బొమ్మ ఊరు, సగం బొమ్మ వేలు. వేలు తియ్యి పెద్దమ్మా అంటే తీసేది, మాటల్లో పడి మళ్లీ పెట్టేది. ఆ వేలి మీద కొడవలి గాటు ఒకటి ఉండేది. ఆమె ముఖం కన్నా నాకు ఆ గాటే బాగా గుర్తు.

పెద్దనాయన గోదావరి మీద పడవ నడిపినవాడు. వంతెన వచ్చాక రేవుకు పని లేకుండా పోయింది. పడవను ఇంటి ముందు బోర్లించి, దాని మీద కూర్చుని చుట్ట కాల్చేవాడు. ఆయన బాప్తిస్మం కూడా గోదావరిలోనే అయింది. "ముంచే అయ్యగారికి ఈత రాదు. మునిగేటోన్ని నేనే ఆయనను పట్టుకున్న" అని చెప్పి తనే నవ్వేవాడు. అయ్యగారంటే వాళ్ల పాస్టరు. ఆయన చర్చిలో యొర్దాను నది గురించి ప్రసంగం ఎత్తుకున్నాడంటే చాలు, పెద్దనాయన వెనక వరసలోంచి లేచేవాడు.

"అయ్యగారూ, ఆ నది ఎంత వెడల్పుంటది? ఈ ఒడ్డుకెల్లి కేకేస్తే ఆ ఒడ్డుకు వినబడ్తదా?"

"దాన్ని ఆత్మీయంగా అర్థం చేసుకోవాలె."

"ఆత్మీయంగ సరే అయ్యగారూ. వెడల్పు ఎంతని?"

ఏడాదికొకసారైనా ఇది జరిగేది. జనం నవ్వేవాళ్లు, పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. పడవవాడికి నది అంటే మొదట అదే లెక్క మరి. ఒడ్డున నిలబడి పిలిస్తే అవతలి మనిషికి అందాలి. యొర్దాను చిన్న నదేనని నేను ఎప్పుడో ఫోటోల్లో చూశాను. ఆయనకు చెప్పలేదు. స్వయంగా చూసి నవ్వుకోనీ అని ఊరుకున్నాను.

చూసే అవకాశం నిజంగానే వచ్చింది. సంఘం వాళ్లు యెరూషలేము యాత్రకు మనుషులను కూడగడుతుంటే ఇద్దరూ పేర్లు ఇచ్చారు. అన్నీ కుదిరాక, ప్రయాణం దగ్గర పడ్డాక, పెద్దనాయనకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట ముద్దయింది. పెద్దమ్మ పోనని కూర్చుంది. ఆయన ఎడమ చేత్తో మంచం పట్టె కొట్టి కొట్టి, ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పాడు.

"నువ్... పో. నది... ఎంతుందో... చూసి చెప్పు."

అట్లా ఆమె బయల్దేరింది. పెద్దనాయనను మా ఇంటికి తెచ్చి ముందుగదిలో మంచం వేశాం. ఆమె ఫోన్ నంబరు నా పేరు మీదే ఉంది. అవసరానికి కాల్ చేసుకోవడానికి ఉంటుందని రోమింగ్ పెట్టించి, వీడియో మాత్రం హోటల్ వైఫైలోనే చేయాలని పదేపదే చెప్పాను. అన్నింటికీ ఊకొట్టింది.

దిగగానే ఫోన్ వచ్చింది. ముందు బొటనవేలు, దాని వెనక ఏదో ఎయిర్‌పోర్టు.

"బిడ్డా, నాలుగు గీతలొచ్చినయ్! మన ఊర్లె ఎన్నడన్న చూసినమా! పక్కసీటు పిల్ల ఏందో స్విచ్ నొక్కింది, జల్దీ కలిసింది."

"వైఫైయేనా పెద్దమ్మా?"

"అవ్, అవ్, గదే."

ఏది వైఫైయో ఏది కాదో ఆమెకు తెలియదు. గీతలు నిండుగా ఉంటే సిగ్నల్ మనదే అనుకుంది. కలిసిన కాల్‌ను కట్ చేయకూడదన్న ఇప్పచెట్టు కట్టుబాటును పట్టుకుని విదేశం వెళ్లింది. ఇక ఆపలేదు. ఎయిర్‌పోర్టు ట్రాలీలు చూపించింది, బస్సు కిటికీలోంచి గొర్రెల మందను చూపించింది, రొట్టెల బండిని చూపించింది. బెత్లెహేములో దండం పెట్టుకోవడానికి ఫోన్‌ను ఒక స్తంభానికి ఆనించి, దండం అయ్యాక మళ్లీ ఎత్తుకుంది. బస్సుల్లో కూడా వైఫై ఉంటుంది కదా అని నేను సమాధానపడ్డాను. పెద్దనాయన ముఖం చూశాక అడ్డు చెప్పాలని కూడా అనిపించలేదు. జబ్బు పడ్డాక మొదటిసారి ఆయన కళ్లు అటూఇటూ కదులుతున్నాయి. ఫోన్‌ను ఆయన ఛాతీ మీద దిండుకు ఆనించి పెట్టేదాన్ని. గొర్రెలను చూసి ఎడమ చెయ్యి లేపి, "బక్కగున్నయ్" అన్నాడు.

నదికి పోయే రోజు పొద్దున్నుంచే ఆయన తయారు. తల దువ్వమన్నాడు. తెల్ల అంగీ వేయమన్నాడు. పెద్దమ్మ బస్సులోంచి, "ఇగ అచ్చినట్టే, ఇగ అచ్చినట్టే" అంటూనే ఉంది. ఆ మాట మధ్యలో బొమ్మ ఆగిపోయింది. సగం కిటికీ, సగం బొటనవేలు, వేలి మీద గాటు. కొంతసేపు అట్లాగే నిలిచి, తర్వాత తెర నల్లబడింది.

మళ్లీ చేశాను. కలవలేదు. మళ్లీ మళ్లీ చేశాను. టూరు పెద్దకు చేస్తే ఆయన ఫోన్ ఆఫ్. చార్జీలు పడతాయని తెలిసిన మనిషి, ముందే ఆపుకున్నాడు. ఆయనను ఏమనగలను? మేము కొలంబోలో చేసింది కూడా అదే.

"నది... వచ్చిందా?"

"వస్తుంది పెద్దనాయనా. ఇంక బస్సులనే ఉన్నరు."

కాసేపటికి మళ్లీ అడిగేవాడు. కాసేపటికి నేనూ అదే చెప్పేదాన్ని. సాయంత్రం జావ తాగిస్తుంటే కూడా ఆయన చూపు ఆ నల్లటి తెర మీదే ఉంది. మర్నాడు పొద్దున చాయ్ పట్టుకుని లేపితే లేవలేదు. తెల్ల అంగీ ఒంటి మీదే ఉంది, విప్పనీయలేదు మరి.

వాళ్లు ఆ రాత్రి బాగా పొద్దుపోయాక హోటల్ చేరారట, ఆమెకు పొద్దున అక్కడే టూరు పెద్ద చెప్పాడట. హైదరాబాదులో దిగి నేరుగా కారులో ఊరికి వచ్చేసరికి, బోర్లించిన పడవ పక్కన ఫ్రీజర్ పెట్టెలో ఆయనను ఉంచాం. కారు దిగింది. చేతిలో నది నీళ్ల సీసా. ఏడవలేదు. జనాన్ని తప్పించుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చి, నా భుజం పట్టుకుంది.

"బిడ్డా, నది చూసిండా?"

"చూసిండు పెద్దమ్మా."

"ఏమన్నడు?"

అంతదాకా నేను ఆలోచించలేదు. ఏదో ఒకటి నోట్లోంచి వచ్చేసింది.

"గింతేనా అన్నడు."

ఆమె నవ్వింది. ఆ పెట్టె పక్కన, అంతమంది ముందు, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చర్చిలో నవ్వినట్టే నవ్వింది. ఆ నవ్వుతోనే పెట్టె మీద పడిపోయింది, ఇక ఆమెను లేవనెత్తడం ఎవరి తరమూ కాలేదు.

తర్వాత అక్కడ జరిగింది తనే చెప్పింది. "నీళ్లల్ల మోకాళ్ల దాక దిగిన. మీ మాట వినబడ్తలేదు, బొమ్మ గూడ కనబడ్తలేదు. నేను ఆపుతనా? ఫోన్ పైకెత్తి ఒర్రిన. ఓ, ఇటు చూడు, గింతే ఉంది నీ నది, మన వాగంత గూడ లేదు, ఈ ఒడ్డున గుసగుసలాడితె ఆ ఒడ్డుకు వినబడ్తది అని. అందరు నన్నే చూసిన్రు. ఆయనకు వినబడ్డది, గది చాలు."

జ్ఞాపకార్థ కూటం అయిన మర్నాడు బిల్లు వచ్చింది. అది ఫోన్ బిల్లులా లేదు, ఆపరేషన్ బిల్లులా ఉంది. మా ఆయన రెండుసార్లు చదివి, "ఏంది, అక్కడ టవర్ గాని కొన్నదా మీ పెద్దమ్మ?" అన్నాడు. నేను ఫోన్ కంపెనీ ఆఫీసుకు పోయాను. కౌంటర్‌లో ఉన్నామె ఓపికగా వివరించింది. వైఫై కాదు, అదంతా రోమింగ్ డేటా. లిమిట్ దాటగానే లైన్ దానంతట అదే ఆగిపోయింది. బస్సులో బొమ్మ ఎందుకు నిలిచిపోయిందో నాకు అప్పుడు తెలిసింది. చార్జీల సంగతి తెలియక వాడారు, ఇంట్లో చావు కూడా జరిగింది కాబట్టి అర్జీ పెడితే చాలామటుకు తగ్గిస్తారని కూడా ఆమె చెప్పింది. ఆ మంచిమాట పట్టుకుని నేను సంబరంగా ఊరికి పోయాను.

పెద్దమ్మ పడవ మీద కూర్చుని ఉంది.

"తగ్గిస్తరా? ఎందుకు?"

"తెలువక వాడినం గద పెద్దమ్మా."

"తెలువకేంది? నేను తెలిసే చూపిచ్చిన. ఆయన తెలిసే చూసిండు." మళ్లీ తనే అడిగింది. "ఏ దినానిది తీసేస్తరు?"

"దినం లెక్క కాదు. మొత్తం మీద తగ్గిస్తరు."

"అట్లెట్ల? తగ్గిస్తే ఏదో ఒకటి తీసెయ్యాలె గద. నది దినం తీసేస్తే? ఆయన చూడనట్టే అయితది." నా చెయ్యి పట్టుకుంది. "వద్దు బిడ్డా. బిల్లు సక్కగనే వచ్చింది. ఎంత చూసిండో అంత వచ్చింది. నది దాక ఉంది గద?"

బిల్లు నది దాకా లేదు. బస్సు దాకా ఉంది, బొటనవేలు దాకా ఉంది.

"ఉంది పెద్దమ్మా."

"మరింకేంది."

నేను కడతానంటే ఒప్పుకోలేదు. ఆయన చూసిందానికి ఎవరో కట్టడం ఏంది అంది. బిల్లు కట్టడానికి పడవను అమ్మేసింది. దిగువ నుంచి చేపలు పట్టేవాళ్లు వచ్చి దాన్ని ట్రాక్టర్ మీద ఎక్కించుకుపోయారు. అది ఉన్నచోట గడ్డి మొలవని నేల, పడవ ఆకారంలో, చాలాకాలం అట్లాగే ఉండేది. "పడవ ఏం జేసుకుంట బిడ్డా, ఆయన నది చూసిండు" అనేది ఎవరు అడిగినా. నేను నిజం చెప్పి ఉంటే పడవ మిగిలేది. ఆమె మిగిలేది కాదని నాకు అనిపించింది. ఇప్పటికీ అట్లాగే అనిపిస్తుంది, కానీ ఆ నేల వైపు మాత్రం చూడలేకపోయేదాన్ని.

ఆ తర్వాత నేను ఎప్పుడు పోయినా, అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని అడిగేది. "గింతేనా అన్నప్పుడు నవ్విండా, ముఖం ముడుచుకున్నడా?" నవ్వాడు అని చెప్పేదాన్ని. "మాట సక్కగ వచ్చిందా?" వచ్చింది అనేదాన్ని. ఆ గింతేనా ఊరంతా పాకింది. అయ్యగారు యొర్దాను ప్రసంగం ఎత్తుకుంటే ఇప్పుడు ఆయనే ఆగి, మన పడవాయన ఏమన్నాడో తెలుసు గదా అని చెప్పి జనాన్ని నవ్వించేవాడు. లేని మాట ఒకటి నా నోట పుట్టి, చర్చిలో వాక్యం పక్కన కూర్చుంది. పెద్దమ్మ మొదటి వరసలో, కొంగు నోటికి పెట్టుకుని.

కిందటి వానాకాలంలో జ్వరం ముదిరి ఆమెను భద్రాచలం దవాఖానాలో చేర్చారు. నేను బయల్దేరుతుండగా తనే ఫోన్ చేసింది. పడుకుని చేసింది. ఆమె లేవకుండా ఫోన్ మాట్లాడడం నాకు తెలిసి అదే మొదలు. ఆమె గొంతు నాకు స్పష్టంగా వినబడుతోంది. నా గొంతు మాత్రం ఆమెకు అందడం లేదు. "పెద్దమ్మా, పెద్దమ్మా" అని వాకిట్లో నిలబడి అరుస్తూనే ఉన్నాను.

"వినబడ్తలేదు బిడ్డా. అయినా చెప్తున్న, నీకు వినబడ్తుండొచ్చు. నువ్వు ఉరుక్కుంట రాకు, వానలున్నయ్, నెమ్మదిగ రా. నాకేం భయం లేదు. ఆయన దగ్గరికే గద పోయేది. పోంగనే అడుగుత, గింతేనా అని ఎట్ల అన్నవో మల్లొకసారి అనుమని. ఇన్నేండ్లు నీ నోట విన్న, ఇప్పుడు ఆయన నోట వింట." కాసేపు ఊపిరి చప్పుడు. "ఉంట మరి."

నేను చేరేసరికి అయిపోయింది. ఫోన్ ఆమె చేతిలోనే ఉంది, బొటనవేలు కెమెరా మీద.

కొలంబోలో రెండో రోజు మమ్మల్ని సముద్రం దగ్గరికి తీసుకుపోయారు. తోటివాళ్లు ఫోటోలు దిగుతుంటే నేను దూరంగా పోయి, కొంగు నడుముకు దోపి, చీర తడుస్తున్నా మోకాళ్ల దాకా దిగాను. డేటా ఆఫ్‌లోనే ఉంది. ఫోన్ తలపైకెత్తి గాలికి చూపించి, చెవి దగ్గర పెట్టుకున్నాను.

"పెద్దమ్మా, ఇది సముద్రం. దీనికి ఆ ఒడ్డు లేదు. పెద్దనాయనకు చెప్పు, దీనికి వెడల్పే లేదని."

అలలు, వెళ్లే వచ్చే జనం, అన్నీ చెప్పాను. ఇక మిగిలింది ఒక్కటే. పెద్దమ్మా, ఆయన నది చూడలేదు, ఆ రోజంతా వచ్చిందా వచ్చిందా అని అడుగుతూనే ఉన్నాడు, ఆఖరుకు ఆయన చూసింది నీ వేలు. ఆ మాట చెప్పి బరువు దించుకుందామనే దిగాను. పైన ఆయన ఈపాటికి ఆమెకు నిజం చెప్పేశాడో, లేక నా మాట నిలబెట్టడానికి గింతేనా అని ఆమె ముందు మళ్లీ అన్నాడో, నాకు తెలియదు.

ఒకవేళ ఆమెకు వినబడుతుందేమోనని, ఆ ఒక్కటి మాత్రం చెప్పకుండా, "ఉంట మరి" అని ఫోన్ సంచిలో వేసుకున్నాను.